కాగితం రాకముందే

పొద్దున గుడిగంట మోగకముందే లేచి, తలకు నల్లగుడ్డ కట్టుకుని, సందు దాటి అన్న ఇంటికి వెళ్లి గదిని వేడిచేసే ఇటుకల పొయ్యి ముట్టించడం స్తాంకాకు ఏళ్లుగా ఉన్న అలవాటు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లగానే ముందు ముక్కాలిపీట ఎక్కేది. పొయ్యిగొట్టానికి అడ్డంగా ఉండే ఇనుపరేకును చప్పుడయ్యేలా బయటికి లాగేది. ఆ తర్వాతే దీపం, ఆ తర్వాతే పలకరింపు. నిప్పులన్నీ బూడిదయ్యాక, వేడి గొట్టంలోంచి పైకి పోకుండా రాత్రిపూట ఆ రేకును లోపలికి తోసి మూస్తారు. పొద్దున మళ్లీ మంట వేసేముందు లాగి తెరుస్తారు. ఫ్రాసినేత్ ఊళ్లో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ తెలిసిన పనే ఇది.

ఆ చప్పుడుకు గ్లిగోరె కళ్లు తెరవకుండానే గొణిగేవాడు. "ఊళ్లో అందరినీ కోడి లేపుతుంది. నన్ను మా చెల్లెలి మోకాళ్లు లేపుతాయి. టకటకమంటూ."

"నీ నోరు కూడా నీ తుంటిలాగే విరిగుంటే బాగుండేది," అనేది స్తాంకా, బూడిద ఎత్తుతూ.

అతను సహకార పొలంలో ట్రాక్టరు తోలినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. మంచుమీద జారిపడి తుంటి విరిగాక కర్రసాయంతో పెరటిదాకా వెళ్లగలడు కానీ పీట ఎక్కలేడు. అందుకని పొద్దునా సాయంత్రం పొయ్యి పని చెల్లెలిది. స్తాంకా కూడా ఒంటరిదే. భర్త మీత్రు నడివయసులోనే పోయాడు. అప్పటినుంచి ఆమె ఆ ఊరి గుడికి, ఫాదరు సత్ప్రసాదంగా పంచే పూజరొట్టెలు కాలుస్తోంది. ఆ పని ఎవరికంటే వాళ్లకు ఇవ్వరు. నోట అబద్ధం రానిదై ఉండాలి, ఇంట్లో తగువు లేనిదై ఉండాలి, పిండి కలిపేటప్పుడు ప్రార్థన తప్ప మరో మాట ఉండకూడదు. స్తాంకా అంది అంటే ఊళ్లో మళ్లీ ఎవరినీ అడగనవసరం లేదనేవారు. ఆ పేరే తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే పెద్ద ఉపవాసాల మొదటి వారంలో, పోయిందనుకున్న చలి మళ్లీ విరుచుకుపడింది. ఆ వారం సాయంత్రాలు గుడిలో పశ్చాత్తాప కీర్తనలు పాడతారు. మోకాళ్లమీద వంగి, నుదురు నేలకు తాకించి, ప్రభూ కరుణించు అని అంటూనే ఉండాలి. స్తాంకా ఒక్క సాయంత్రం కూడా మానేది కాదు. మంగళవారంనాడు అన్నకు బీన్సు పులుసు తాగించి, కంబళి కప్పి, పొయ్యి నోట్లోకి చూసేసరికి గంట మోగింది. ఎర్రని నిప్పులమీద ఇంకా అక్కడక్కడ నీలిమంట నాలుక చాపుతోంది.

"ఇంకాసేపాగవే, నీలిమంట పోలేదు," అన్నాడు గ్లిగోరె.

"గంట కొట్టేశారన్నయ్యా. నేను వెళ్లిపోయాక రేకెవరు మూస్తారు, నువ్వెక్కుతావా పీట? రాత్రంతా వణుకుతావు."

"సరే పోవే. ఆలస్యమైతే మీ దేవుడు తలుపేసుకుంటాడేమో."

ఆమె నవ్వి, రేకు మూసి వెళ్లింది.

నీలిమంట ఉండగా రేకు మూస్తే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. పైకి పోవలసిన విషం గదిలోకి తిరుగుతుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రపోతున్నవాడికి దగ్గు కూడా రాదు. కానీ కొంచెమేగా మంట, ఇట్టే ఆరిపోతుందిలే అనుకుంది. చలిదేశంలో వేడి మీద ఆశ అలాంటిది. ఆ సందులో ఏ ఇల్లాలైనా జన్మలో ఒకటి రెండుసార్లు అలా అనుకుని మూసే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి చూసి వెళదామనే అనుకుంది. కిటికీ చీకటిగా ఉంది. పడుకున్నవాణ్ణి లేపడం దేనికని తన ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మామూలుగానే వెళ్లింది. మామూలుగానే పీట ఎక్కి రేకు లాగింది. లాగి, కిందికి దిగి, బూడిద చేట అందుకున్నాక కానీ మంచంమీంచి వెక్కిరింపు రాలేదని ఆమెకు తట్టలేదు.

ఆ తర్వాత కిటికీలు బార్లా తెరిచిందీ తనే, సందులోకి పరుగెత్తి కేక వేసిందీ తనే. ఒంటరిగా ఉన్న మనిషి చెప్పాపెట్టకుండా పోతే పోలీసు రావాలి కనక ఊరి పోలీసు వచ్చాడు. టోపీ తీసి శిలువ గుర్తు వేసుకుని, గదంతా చూసి, పొయ్యి దగ్గర ఆగాడు. "రేకు తెరిచే ఉందన్నమాట," అన్నాడు తనలో తాను అనుకున్నట్టుగా.

"తెరిచే ఉంది," అంది స్తాంకా.

అప్పటికి రేకు తెరిచే ఉంది మరి. ఆ మాట అబద్ధమని ఎవరంటారు? ఆమె మనసు కూడా ఆ క్షణాన అబద్ధమని అనలేదు. పోలీసు రాసుకున్నాడు. స్తాంకా చెప్పింది కనక రెండోసారి అడగలేదు.

శవాన్ని జిల్లా పట్నానికి తీసుకెళ్లి, కోసి చూసి, మర్నాటికి తిరిగిచ్చారు. కారణం రాయవలసిన చోట ఏమీ రాయలేదు. రక్తం, గుండెలో ముక్క, ఊపిరితిత్తిలో ముక్క పెద్ద ల్యాబ్‌కు పంపారట. అక్కడినుంచి రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెప్పలేమన్నారు. ఎన్నాళ్లు పడుతుందంటే, ముందున్నవాళ్లవి అయ్యాక అన్నారు. అంతవరకూ గది తెరవకూడదని పోలీసు తలుపుమీద కాగితంపట్టీ అంటించి ముద్రవేశాడు.

స్తాంకా ఇంట్లో ఆడవాళ్లు గ్లిగోరెకు కొత్తబట్టలు తొడిగేటప్పుడు మొహం చూసి మురిసిపోయారు. "బుగ్గలు చూడండమ్మా, పెళ్లికొడుకులా ఎలా ఎర్రగా ఉన్నాయో. పుణ్యాత్ముడు, నిద్రలోనే దేవుడి దగ్గరికి నడిచిపోయాడు," అంది ఒకావిడ. చలిలో ఉంచిన శవానికి కూడా అలా రంగు వస్తుందని మరొకావిడ అంది. స్తాంకా చేతిలోంచి నీళ్ల గిన్నె జారి గచ్చుమీద పడింది. పొగ తగిలి పోయినవాళ్ల బుగ్గలు ఎర్రగా ఉంటాయని ఆమె తన అమ్మమ్మ నోట వింది. పక్కనున్న ఇలింకా గిన్నె ఎత్తి, నేల తుడిచి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వీపు నిమిరింది.

ఈ ఇలింకా పొయ్యిల మేస్త్రి నిస్తోర్ భార్య. నిస్తోర్ గ్లిగోరెకు చిన్ననాటి నేస్తం. కిందటి శరదృతువులో పాత పొయ్యి బీటలిచ్చిందని తెలిసి తనే వచ్చి, దాన్ని విప్పి, కొత్త ఇటుకలతో మళ్లీ కట్టాడు. నేస్తం దగ్గర కూలి ఏమిటని భోజనమూ, ప్లమ్ సారా మాత్రం పుచ్చుకున్నాడు. కట్టడం అయ్యాక ఇద్దరూ దాని ముందు కూర్చుని, చంటిపిల్లను చూసుకున్నట్టు చాలాసేపు చూసుకున్నారు.

బుగ్గల ఎరుపు సంగతి నోటా నోటా తిరిగి, పొగ తగిలే పోయాడని ఊరు అనుకోసాగింది. రేకు తెరిచే ఉందట. మరి పొగ ఎక్కడినుంచి వచ్చినట్టు? పొయ్యిలోంచే కారి ఉండాలి. ఇలా ఒకరన్నారు, ఇంకొకరు తలూపారు. నిప్పులేనిదే పొగరాదు అనే సామెత ఆ రోజుల్లో ఊళ్లో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. సారా తాగి కట్టిన పొయ్యి కదా అన్నారు. వయసైపోయింది, చూపానదు అన్నారు. వసంతం రాగానే పొయ్యి కట్టిస్తానన్న స్కూలు మాస్టారు, ఇప్పుడప్పుడే వద్దులే అని కబురు పంపాడు. కొట్టు దగ్గర ఒకడు, "మా ఇంట్లో చలిగానే ఉంటోంది నిస్తోర్ మామా, అయినా ఫర్వాలేదులే, బతికే ఉన్నాం," అన్నాడు. నలుగురూ నవ్వారు. నిస్తోర్ ఉప్పు పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు.

స్తాంకా అప్పుడు ఆ కొట్టులోనే, పిండి బస్తాల పక్కన నిలబడి ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నవ్విన ప్రతి నోరూ తన వైపే తిరిగిందనిపించింది. నిజానికి ఎవరూ తిరగలేదు. నోరు తెరుద్దామనుకుంది. ఒక్కమాట చాలు. ఆ మాట పెదవిదాకా వచ్చి, "పావుకిలో ఈస్టు," అయి బయటికొచ్చింది. అంత ఈస్టు ఎందుకని కొట్టువాడు కూడా అడగలేదు.

నిస్తోర్ ఆ వారంలోనే ఆమె ఇంటికి వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"స్తాంకా, ఆ తలుపుమీద కాగితం తీసెయ్యగానే ముందు నన్ను పిలువు. ఇటుక ఇటుకా విప్పి చూడాలి. ఏ సందులోంచి కారిందో నాకు తెలియాలి."

"అలాగే అన్నా," అంది.

అతను సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. అప్పుడైనా పిలవవచ్చు. రేపు చెబుదాం అనుకుంది. రిపోర్టు రానీ అనుకుంది. రిపోర్టులో గుండె అని వస్తే అసలు ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు కదా అనుకుంది. ఆ ఆశ ఆమెను ప్రతి పొద్దునా మంచంమీంచి లేపేది, ప్రతి పొద్దునా ఆమె నోరు నొక్కేది.

పూజరొట్టెల పిండి కలపబోతే చేతులు ఆడలేదు. మణికట్టు నొప్పి అని ఫాదరుకు చెప్పింది. ఆ సంగతి తెలిసి ఇలింకా తనంతట తానే ముందుకొచ్చింది. "అన్న పోయిన దుఃఖం చేతుల్లోకి దిగుతుంది వదినా, మా అమ్మకూ అలాగే అయింది. నీ చెయ్యి బాగయ్యేదాకా నేను కాలుస్తాలే. పేరు మాత్రం నీదే," అంది. ప్రతి శనివారం రొట్టెలతోపాటు స్తాంకా కోసం వెల్లుల్లి వేసిన బంగాళాదుంపల గిన్నె కూడా తెచ్చేది. ఆ గిన్నె ఖాళీ చేయడం స్తాంకాకు గండంగా ఉండేది. పారేయడం పాపం. తినబోతే మింగుడు పడదు.

వారానికోసారి బస్సెక్కి పట్నం వెళ్లేది. ఆసుపత్రి వెనకాల, బొగ్గుల కొట్టు పక్కన ఉండే ఆ ఆఫీసులో గోడవారగా ఒక పొడుగాటి బల్ల ఉంది. దానిమీద కూర్చునేవాళ్లంతా ఇలాంటి కబురు కోసం వచ్చినవాళ్లే. గుమాస్తా కిటికీ తెరిచి, పేరు చెప్పించుకుని, రాలేదమ్మా అని మెత్తగా చెప్పేవాడు. ఆ మెత్తదనం అతను ఎన్నిసార్లని తెచ్చిపెట్టుకుంటాడో పాపం. చలిగా ఉన్నరోజు టీ కూడా ఇప్పించేవాడు.

బల్లమీద ఆమెకు జంఫీరా అనే మనిషి పరిచయమైంది. కొండప్రాంతంనుంచి వచ్చేది. భర్త పశువులపాకలో చనిపోయి పడి ఉన్నాడట. ఒళ్లో పొద్దుతిరుగుడు గింజల సంచీ పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ గుప్పెడు గుప్పెడు పంచుతూ ఉండేది.

"బతికున్నన్నాళ్లూ ఇంటికి రాకపోతే సారాకొట్టుకి వెళ్లి చెవి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని," అంది ఒకరోజు. "ఇప్పుడాయన గుండె ఒక ఊళ్లో, కాలేయం ఇంకో ఊళ్లో తిరుగుతున్నాయి. ఎవరి చెవి పట్టుకోను?"

బల్లంతా నవ్వింది. స్తాంకా కూడా నవ్వింది. అన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ వెంటనే సిగ్గుపడి తలగుడ్డ సర్దుకుంది.

నవ్వు ఆగాక జంఫీరా గొంతు తగ్గించింది. "ఆ రోజు పొద్దున మేం పోట్లాడుకున్నాం. పో, పాకలోనే పడుకో అన్నాను. చూడక్కా, ఈ బల్లమీద ఎవరికీ మనిషి ఎలా పోయాడో తెలియక్కర్లేదు. మన వల్ల పోలేదని ఎవరైనా రాసిస్తే చాలు. దానికోసం ఇన్ని బస్సులు."

స్తాంకా గింజలు ఒలుస్తూ ఉండిపోయింది. రేకు సంగతి ఆమెకైనా చెబుదామనిపించింది. ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పడం తేలికే. ఆ తేలికే తప్పని తోచి ఊరుకుంది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టలాదివారం ముందటి శనివారం గ్లిగోరెకు నలభై రోజుల పెద్దకర్మ జరిగింది. ఉపవాసాల్లో వచ్చింది కనక మాంసం లేదు, పాలు లేవు. బీన్సు ముద్ద, నూనెలో మగ్గిన క్యాబేజీ, పుట్టగొడుగుల పులావు, తేనె కలిపిన గోధుమ ప్రసాదం. పోయినవాడి పేర ఒక్కొక్కరికీ ఒక గిన్నె, జడలల్లిన రొట్టె, వెలిగించిన కొవ్వొత్తి చేతికివ్వాలి. తీసుకున్నవాళ్లు, దేవుడికి చేరాలి అంటారు. ఆ మాట అంటేనే అవతల ఉన్నవాడికి అన్నం అందుతుందని నమ్మకం. మొదటి గిన్నె ఎవరికిస్తే పోయినవాడికి వాళ్లంత దగ్గరివాళ్లు ఇంకెవరూ లేరని అర్థం. స్తాంకా ఆ గిన్నెను అందరిముందూ నిస్తోర్ చేతిలో పెట్టింది.

ఆ పనితోనే అంతా సర్దుకుంటుందని ఆమె పిచ్చి ఆశ. ఊరు దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. చూశారా, అన్నను చంపినవాడికి మొదటి గిన్నె ఇచ్చింది, ఎంత క్షమాగుణం అనుకున్నారు. ఒకావిడ ఆమె చేతులు కళ్లకద్దుకుంది కూడా. నిస్తోర్ చేతిలో కొవ్వొత్తి వంగి మైనం వేళ్లమీద కారింది. దేవుడికి చేరాలి అనకుండానే గిన్నె పట్టుకుని వెళ్లి కూర్చున్నాడు. బల్ల దగ్గర అతనికి అటూ ఇటూ చోటు ఖాళీగానే ఉండిపోయింది. కొంతసేపటికి ఇలింకా వడ్డన మానేసి వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

ఆ తర్వాతి వారంలో, ఈస్టరు పండుగ ముందు, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు స్తాంకా ఫాదరు సిమియోన్ దగ్గర బయటపడింది. నీలిమంట, గంట, అన్న మాట, రేకు, పోలీసు, కొట్టు, మొదటి గిన్నె. ఒక్కొక్కటీ చెప్పింది. గుడికి రావాలన్న తొందరలోనే ఆమె అలా చేసిందన్న సంగతి ఆయననూ బాధపెట్టింది కాబోలు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"గ్లిగోరె సంగతి దేవుడు చూసుకుంటాడమ్మా. ఆయన అప్పుడే విన్నాడు. వినవలసినవాడు ఇంకొకడున్నాడు. కాగితం రాకముందే అతని దగ్గరికి వెళ్లు. వచ్చాక వెళితే చెప్పింది కాగితమే అవుతుంది, నువ్వు కాదు."

వెళతానని మాటిచ్చింది. వెళ్లలేదు. పండుగనాడు ఊరంతా క్రీస్తు లేచాడు అంటూ ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే ఆమె సత్ప్రసాదం వరసలోకి వెళ్లకుండా వెనకస్తంభం దగ్గర నిలబడింది. పక్క స్తంభం దగ్గర మరొకరు కూడా వరసలోకి వెళ్లకుండా నిలబడి ఉన్నారు. చూస్తే నిస్తోర్. అతనికేం పాపమని అనుకుంది. ఇంకేమీ తట్టలేదు.

ప్లమ్ చెట్లు పూసి రాలాయి. మొక్కజొన్న వేశారు. తుమ్మపూల వాసన సందంతా నిండిన రోజుల్లో ఒక సాయంత్రం, పొలంనుంచి వస్తున్న స్తాంకాకు ఊరి పోలీసు సైకిలు ఆపి చెప్పాడు. రిపోర్టు వచ్చిందట, రేపు పొద్దున పట్నం రమ్మన్నారట.

ఇంటికి వెళ్లకుండా, పార భుజాన అలాగే ఉండగా, నిస్తోర్ ఇంటికి వెళ్లింది. అతను వసారాలో కూర్చుని సంకటి తింటున్నాడు. ఇలింకా ఉల్లిపాయ పగలగొడుతోంది. రా వదినా, కూర్చో, ముద్ద తిను అంది. స్తాంకా కూర్చోలేదు.

"ఆ రోజు రేకు మూసింది నేనే అన్నా. నీలిమంట ఉండగానే మూశాను. అన్నయ్య వద్దన్నాడు. పొద్దున వెళ్లి అలవాటు కొద్దీ లాగేశాను. పోలీసు తెరిచుందా అంటే తెరిచుందన్నాను. నీ పొయ్యిలో ఏ దోషమూ లేదు."

చెప్పేసరికి ఎంతో మాట్లాడవలసి ఉంటుందనుకుంది. ఇంతే ఉంది.

నిస్తోర్ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. కోపగిస్తాడని చూసింది. అతను తన అరచేతులవైపు చూసుకుంటున్నాడు.

"నేనే చంపాననుకున్నాను," అన్నాడు. "ఆ గొట్టం దగ్గర మూడో వరసలో మట్టి కొంచెం పలచగా పెట్టాను. ఆ రోజు చీకటి పడుతోంది, గ్లిగోరె సారా పోశాను రారా అని పిలుస్తున్నాడు. పడుకుంటే ఆ వరసే కళ్లముందుకొస్తోంది. వాడు నన్ను పిలిచాడు, నేను తొందరపడ్డాను, వాడు చచ్చాడు. ఇన్నాళ్లూ ఇదే."

స్తాంకా పార కింద పెట్టి దానిపక్కనే నేలమీద కూలబడింది. అతని పేరు పోయిందనే ఇన్నాళ్లూ ఏడ్చింది కానీ, తాను మోయలేని బరువు అతని నెత్తిన పెట్టి వచ్చానని ఆమెకు అంతవరకూ తెలియదు.

ఇలింకా లేచింది. "పండుగనాడు ఈయన సత్ప్రసాదం తీసుకోలేదు. ఎందుకయ్యా అంటే చేతులు శుభ్రంగా లేవన్నాడు. మీ రొట్టెలు కాల్చింది నేను. మీ అన్న ఒళ్లు కడిగింది నేను. వదినా వదినా అని గిన్నెలు మోసింది నేను." గొంతు పెంచలేదు. "ఇంక వెళ్లండి స్తాంకా గారూ."

ఒక్క సాయంత్రంలో వదిన పోయి గారు వచ్చింది. స్తాంకా పార తీసుకుని వెళ్లింది. గేటు దాటాక వెనకనుంచి నిస్తోర్ గొంతు వినిపించింది. "పొద్దున బస్సుకి నేనూ వస్తాను. వాడు ఎలా పోయాడో నాకూ వినాలనుంది."

బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. డాక్టరు వయసులో చిన్నవాడు, ఓపికగా చెప్పాడు. గుండె చాలా పాడై ఉంది, ఆ రాత్రే కొత్తగా దెబ్బతిన్న గుర్తులున్నాయి. రక్తంలో పొగవిషం కూడా ఉంది, పొగతాగేవాడికి ఉండేదానికంటే ఎక్కువ, మంచి గుండె ఉన్నవాణ్ణి చంపేదానికంటే తక్కువ. ఏది ముందో, ఏది వెనకో శాస్త్రం చెప్పలేదు. పొగ లేకపోతే బతికేవాడా అని స్తాంకా అడిగింది. ఆ రాత్రికి బతికేవాడేమో, చెప్పలేనమ్మా అన్నాడతను. అబద్ధం చెప్పి ఓదార్చకపోవడం అతని మంచితనమని ఆమె తర్వాత ఒప్పుకుంది కానీ, ఆ క్షణాన మాత్రం తట్టుకోలేకపోయింది. ఇన్ని నెలలు ఎదురుచూసిన కాగితం ఆమెను చంపనూ లేదు, విడిచిపెట్టనూ లేదు.

ఊళ్లో బస్సు దిగగానే పోలీసు దగ్గరికి వెళ్లి రేకు సంగతి చెప్పింది. అతను, ప్రమాదమని రాసి పైకి పంపుతాను, పెద్దగా ఏమీ కాదులే అన్నాడు. గదిమీద పట్టీ తీసేశాడు. నిస్తోర్ లోపలికి వెళ్లి, పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, మూడో వరస దగ్గర చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఏమీ విప్పలేదు. వెళ్లేముందు మాత్రం, "వాడు వద్దంటే వినాల్సిందే స్తాంకా. ఎప్పుడో ఒకసారి తప్ప వాడు సరైన మాట అనడు," అన్నాడు. ఇద్దరికీ ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అయితే నిస్తోర్ విన్నంతమాత్రాన ఊరు విన్నట్టు కాదు. కొట్టు దగ్గర అదే వేళాకోళం. స్కూలు మాస్టారు పక్కూరినుంచి వేరే మేస్త్రిని పిలిపించుకున్నాడని తెలిసింది. నిస్తోర్ తనకు తానుగా ఎవరికీ చెప్పలేదు, చెప్పే మనిషీ కాదు. ఇలింకా చెప్పవచ్చు. ఒక్కరితో అంటే సాయంత్రానికి ఊరంతా పాకేది. ఆమె కూడా అనలేదు. తన నోటితో స్తాంకాను నలుగురిలో పెట్టడం ఆమెకు చేతకాలేదు. కోపంలో కూడా మంచితనం తప్పని మనుషులుంటారు. వాళ్లముందు నిలబడడమే కష్టం.

శనివారం మధ్యాహ్నం స్తాంకా వాళ్ల పెరటివైపు వెళ్లింది. ఇలింకా మిరపనారు నాటుతోంది. తల ఎత్తి చూసి, మళ్లీ వంగింది. స్తాంకా కంచె ఇవతలే ఆగింది. ఇలింకా వరస పూర్తిచేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఏమిటన్నట్టు చూసేదాకా నోరు తెరవలేదు.

"రేపు పూజ అయ్యాక, జనం గుడి ముందు ఆగినప్పుడు, రేకు సంగతి నేనే చెబుతాను. ఫాదరు గారికి చెప్పాను, సరేనన్నారు. చెప్పగలనో లేదో నాకే తెలియదు. కొట్లో ఒకసారి నోరు తెరిచి ఈస్టు అడిగి వచ్చాను." ఆమె కంచెకర్ర పట్టుకుంది. "నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు, నాతో మాట్లాడనక్కర్లేదు. నేను చెప్పేంతసేపూ నా పక్కన నిలబడితే చాలు. నువ్వుంటే మాట మార్చలేను. నిలబడతావా ఇలింకా?"